హంతకుల బొమ్మా? రెంబ్రాంట్ ‘రాత్రి పహరా’ మీద ఒక అభియోగం

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి పీటర్ గ్రీనవే తీసిన ‘రెంబ్రాంట్స్ జాక్యూజ్’ అనే డాక్యుమెంటరీ చూశాను. 2008లో వచ్చిన చిత్రమది. తెలుగులో ‘రెంబ్రాంట్ అభియోగం’ అనవచ్చునేమో. ఒక్క వర్ణచిత్రాన్ని ముందు పెట్టుకొని, నేరపరిశోధకుడు శవాన్ని పరీక్షించినట్లు అంగుళం అంగుళం పరీక్షించి, ఇదిగో హత్య, ఇదిగో హంతకులు, ఇదిగో ఆయుధం అని చూపిస్తాడు గ్రీనవే. చూస్తున్నంతసేపూ నాకు రెప్ప పడలేదు. మరునాడు కనబడిన ప్రతివారికీ ఆ కథ చెప్పాను. అలా విన్నవారిలో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు కూడా ఉన్నాడు.

వాడు దాన్ని శ్రద్ధగా విని, కాలేజీలో ఇచ్చిన వ్యాసంలో రాసేశాడు. తన కాలపు హంతకులను బొమ్మలో బట్టబయలు చేసి, దానికి మూల్యంగా దివాలా తీసిన మహాచిత్రకారుడు రెంబ్రాంట్ అని. నెల తిరక్కుండా ఆ కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆ వాక్యం పక్కన ఎర్రసిరాతో ఒకే మాట ఉంది: ‘ఆధారం?’

“మామయ్యా, మీరే గదా చెప్పారు. ఆధారం ఎక్కడుందో చెప్పండి, రాసిచ్చేస్తాను” అన్నాడు.

“సినిమాలో చెప్పాడురా” అన్నాను.

“సినిమాలో ఆయనకెవరు చెప్పారు?”

దానికి నా దగ్గర జవాబు లేదు. సిగ్గుపడ్డానని చెప్పడానికి సంకోచం లేదు. ఆ జవాబు కోసం వెతికినప్పుడు తెలిసిన సంగతులే ఈ టపా.

ముందు ఆ బొమ్మ సంగతి. ప్రపంచమంతా ‘నైట్ వాచ్’ అని పిలిచే ఆ చిత్రాన్ని మనం ‘రాత్రి పహరా’ అనుకుందాం. రెంబ్రాంట్ 1642లో పూర్తిచేశాడు. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. ఎత్తు దాదాపు 3.8 మీటర్లు, వెడల్పు 4.5 మీటర్లు. మన ఇళ్ళలో ఒక గది గోడ నిండిపోయేటంత. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఆ రోజుల్లో పౌరదళాలుండేవి. ఒక్కొక్క పేటకు ఒక దళం. వర్తకులు, కలిగినవారు అందులో సభ్యులు. నగరరక్షణ వారి బాధ్యత. అయితే రెంబ్రాంట్ కాలానికి విందులకూ ఊరేగింపులకూ ఉన్న ప్రాధాన్యం యుద్ధానికి లేదు. తుపాకీదళంవారి భవనంలో కొత్తగా కట్టిన పెద్దసావడి గోడలకు ఏడు పెద్ద చిత్రాలు గీయించారు. ఆరుగురు చిత్రకారులు ఆ పని పంచుకున్నారు. రెంబ్రాంట్ వంతుకు వచ్చినది రెండవ పేట దళం. దాని కెప్టెన్ ఫ్రాన్స్ బానింక్ కాక్, లెఫ్టినెంట్ విలెం వాన్ రౌటెన్‌బర్ఖ్.

నల్లబట్టలు, ఎర్రనడికట్టుతో కెప్టెన్ ఎడమచేయి చాచి ఏదో చెబుతూ అడుగు ముందుకు వేస్తున్నాడు. పక్కన పసుపుబట్టల్లో లెఫ్టినెంట్, చేతిలో బల్లెం. వెనుక ఈటెలు, తుపాకులు, జెండా, డోలు, కుక్క, పరుగెత్తే పిల్లవాడు. వీరందరి నడుమ, ఎవరి తాలూకో తెలియని ఒక బంగారురంగు దుస్తుల చిన్నపిల్ల, నడుముకు వేలాడే చచ్చిన కోడి. వెలుగంతా ఆ పిల్లమీదా లెఫ్టినెంట్ మీదా పడుతుంది. ఇలాంటి బొమ్మను చూసిన వారెవరికైనా ఇందులో ఏదో ఉందనిపించడం సహజం. గ్రీనవే చేసిన పనల్లా ఆ ‘ఏదో’కు ఒక పేరు పెట్టడం. ఆ పేరు హత్య.

ఆయన వాదం సంగ్రహంగా ఇది. ఈ దళానికి పూర్వపు కెప్టెన్ అయిన పీర్స్ హాసెల్‌బర్గ్ అనే ఆయన తుపాకుల అభ్యాసంలో ‘ప్రమాదవశాత్తు’ మరణించాడు. అది ప్రమాదం కాదు, కుట్ర. ఆ కుట్రవల్ల పైకి వచ్చినవాడు బానింక్ కాక్. ఈ సంగతి తెలుసుకున్న రెంబ్రాంట్, వారు డబ్బిచ్చి గీయించుకున్న బొమ్మలోనే వారి నేరాన్ని రాసిపెట్టాడు. లెఫ్టినెంట్ టోపీ పక్కన పేలుతున్న తుపాకీ ఆ హత్యే. కెప్టెన్ చేతినుండి వేలాడే చేతితొడుగు ఒక సవాలు. అతని చేతినీడ లెఫ్టినెంట్ బట్టలమీద పడే చోటు వారిద్దరి మధ్య అక్రమసంబంధానికి సూచన. బంగారుదుస్తుల పిల్ల, దళంలోని సార్జెంటు రొంబౌట్ కెంప్ అనాథశరణాలయం ముసుగులో నడిపిన పాడువృత్తికి బలైన పిల్ల. ఇలా ముప్ఫైకి పైగా ‘రహస్యాలు’. చివరికి, పరువు పోయిన పెద్దమనుషులు పగబట్టి రెంబ్రాంట్‌ను దివాలా తీయించారని తీర్పు.

చెప్పే తీరు మాత్రం అద్భుతం. తెర నడుమ చిన్నచట్రంలో గ్రీనవే ముఖం కనబడుతూ, న్యాయవాదిలా ఒక్కొక్క ఆధారాన్నీ ప్రవేశపెడుతుంది. బొమ్మలోని మనుషులు నటుల రూపంలో వచ్చి సాక్ష్యం చెబుతారు. ఆ నటులు, ఆ సన్నివేశాలు 2007లో ఆయనే తీసిన ‘నైట్‌వాచింగ్’ అనే కథాచిత్రంలోనివి. మార్టిన్ ఫ్రీమన్ అందులో రెంబ్రాంట్. మొదటిసారి చూసినప్పుడు ఈ సంగతిని నేను పట్టించుకోలేదు. తన కథాచిత్రంలో తాను రాసిన సంభాషణలే డాక్యుమెంటరీలో సాక్ష్యాలుగా నిలబడుతున్నాయి. వాదీ ఆయనే, సాక్షులను తయారుచేసినదీ ఆయనే.

ఇంకొకటి కూడా ఉంది. 1982లో గ్రీనవేకు పేరు తెచ్చిన చిత్రం ‘ది డ్రాఫ్ట్స్‌మన్స్ కాంట్రాక్ట్’. ఒక చిత్రకారుడు ఒక జమీందారీ బంగళాను పన్నెండు బొమ్మలుగా గీస్తాడు. తనకు తెలియకుండానే ఆ బొమ్మల్లో ఒక హత్యకు ఆధారాలు చేరుతాయి. గీయించినవారు చివరికి అతణ్ణే చంపుతారు. పాతికేళ్ళ తరువాత రెంబ్రాంట్ బొమ్మలో గ్రీనవేకు కనబడినది కూడా ఇదే కథ: కలిగినవారు గీయించుకున్న బొమ్మ, అందులో హత్య, చిత్రకారుడి నాశనం. ఒక కళాకారుణ్ణి ఒకే కథ జీవితాంతం వెంటాడడంలో తప్పేమీ లేదు. కాని ఆ కథ 1642లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిందా, లేక ఈయన మనసులో 1982 నుండీ ఉన్నదా అని అడగడం చూసేవారి బాధ్యత.

ఇప్పుడు ఆయన చూపిన ఆధారాలు ఒక్కొక్కటీ చూద్దాం.

పేరుతోనే మొదలుపెడదాం. ఇది రాత్రి బొమ్మ కాదు. ‘రాత్రి పహరా’ అన్న పేరు 18వ శతాబ్దం చివరలో వచ్చింది. ఏళ్ళ తరబడి వార్నిష్ నల్లబడి, పొగ, మురికి పేరుకొని పగలు కాస్తా రాత్రి అయిపోయింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక శుభ్రం చేసినప్పుడు వెలుగు తిరిగి బయటపడింది. అంటే మనకు మొదట తోచే ‘చీకటి, కుట్ర’ అన్న భావంలో కొంతభాగం రెంబ్రాంట్ వేసింది కాదు, వార్నిష్ వేసింది.

మనం చూస్తున్నది పూర్తి బొమ్మ కూడా కాదు. 1715లో దీన్ని నగరసభా భవనానికి తరలించినప్పుడు, అక్కడి గోడకు పట్టలేదని నాలుగువైపులా కోసేశారు. ఎడమవైపున దాదాపు 60 సెంటీమీటర్లు పోయింది. దానితో అక్కడున్న ఇద్దరు మనుషులూ పోయారు. ఖెరిట్ లుండెన్స్ అనే చిత్రకారుడు అంతకుముందే వేసిన చిన్ననకలువల్ల ఆ భాగాల్లో ఏముండేదో తెలుస్తోంది. 2021లో మ్యూజియంవారు ఆ నకలు ఆధారంగా కృత్రిమమేధతో పోయిన ముక్కలను తిరిగి రూపొందించి, కొంతకాలం అసలు బొమ్మ చుట్టూ అమర్చి చూపించారు. అప్పుడు కెప్టెన్, లెఫ్టినెంట్ బొమ్మకు సరిగ్గా నడుమ ఉండక కొంచెం కుడికి జరిగారు. దళం కదులుతున్నదన్న స్ఫురణ బలపడింది. ఎవరెక్కడ నిలబడ్డారన్న దానినిబట్టి నేరారోపణ చేసేవారు కత్తెరపడిన ఈ సంగతిని ఎప్పుడూ మరువకూడదు.

తుపాకుల మాటేమిటి? బొమ్మలో మూడు ముఖ్యమైన తుపాకులున్నాయి. ఎడమవైపు ఎర్రబట్టలాయన మందు కూరుతున్నాడు. వెనుక, శిరస్త్రాణానికి ఓక్ ఆకులు చుట్టుకున్న ఒక మనిషి కాలుస్తున్నాడు. కుడివైపు ఒక పెద్దాయన మిగిలిన మందును ఊదేస్తున్నాడు. కూరడం, కాల్చడం, ఊదడం. ఇవి తుపాకీ వాడకంలోని మూడు దశలు. 1607లో జాకబ్ డి ఖెయిన్ బొమ్మలతో వెలువడిన ఆయుధశిక్షణ గ్రంథంలో ఇలాంటి దశలన్నీ వరుసగా చూపించారు. తుపాకీదళంవారి బొమ్మలో తుపాకీవిద్య కనబడడం మన కమ్మరి బొమ్మలో కొలిమి కనబడడం లాంటిది. కాలుస్తున్న మనిషి వేసుకున్న బట్టలు కూడా ఆనాటివి కావు, పాతకాలపువి. అతడు దళసభ్యుడి రూపచిత్రం కాదు, దళపు పూర్వవైభవానికి ప్రతీక అని పండితులంటారు.

చిన్నపిల్ల నడుముకు కోడి ఎందుకు? డచ్చిభాషలో పక్షిగోటిని ‘క్లౌ’ అంటారు. తుపాకీదళంవారిని ‘క్లోవెనియర్స్’ అంటారు. ఆ రెంటికీ ఉన్న ఉచ్చారణ పోలికవల్ల పక్షిగోరు ఆ దళపు చిహ్నమైంది. పిల్ల నడుమున తలకిందులుగా వేలాడే కోడికాళ్ళు ఆ చిహ్నమే. బంగారు పసుపు విజయసూచకం. కాబట్టి ఆ పిల్ల ఎక్కడినుండో వచ్చిన అనాథ కాదు, దళపు జెండాలాగే దళానికి ఒక రూపం. మనకు శ్లేష కొత్త కాదు కాబట్టి ఇది ఇట్టే అర్థమవుతుంది.

చేతినీడ సంగతి మరీ చిత్రమైనది. కెప్టెన్ చేతినీడ పడిన చోట, లెఫ్టినెంట్ కోటు అంచుమీద కుట్టుపనిలో ఆమ్‌స్టర్‌డామ్ నగరచిహ్నం ఉంది. సింహం, మూడు అడ్డశిలువలు. ఆ సింహం నీడవేళ్ళ మధ్య చిక్కినట్లుంటుంది. నగరరక్షణ ఈ కెప్టెన్ చేతిలో ఉన్నదని చెప్పడానికి ఇంతకన్నా మర్యాదైన మార్గం లేదు. గ్రీనవే అదే నీడను చూసి ఒక పడకగదిని ఊహించాడు.

ఇక అసలు ప్రశ్న. ఈ బొమ్మ వారిని దోషులుగా నిలబెడితే, వారు ఊరుకున్నారా? గీయించుకున్నవారు బొమ్మను తిరస్కరించారని చాలాకాలం ఒక కట్టుకథ ఉండేది. దానికి ఆధారం దొరకలేదు. పైగా వ్యతిరేక ఆధారాలున్నాయి. 1650ల చివర, దళసభ్యుల్లో ఒకరు, అధికారుల ముందు వాంగ్మూలమిస్తూ, తాము తలా దాదాపు 100 గిల్డర్లు, బొమ్మలో ఉన్న చోటునుబట్టి కొంత ఎక్కువో తక్కువో ఇచ్చామని చెప్పాడు. మొత్తం 1,600 గిల్డర్లు. బొమ్మ గోడకెక్కింది, డబ్బు ముట్టింది.

అన్నిటికన్నా బలమైన సాక్షి మరొకటి ఉంది. బానింక్ కాక్ తన కుటుంబం కోసం తయారుచేయించుకున్న ఆల్బంలో ఈ బొమ్మకు నకలు గీయించి పెట్టుకున్నాడు. దాని కింద అర్థం కూడా రాయించాడు. దళాన్ని బయలుదేరదీయమని కెప్టెన్ తన లెఫ్టినెంటుకు ఆజ్ఞ ఇస్తున్నాడని దాని సారాంశం. తనను హంతకుడని చాటే బొమ్మను ఎవరైనా పిల్లలూ మనవలూ చూసేందుకని ఇంట్లో దాచుకుంటారా? ఈ ఆల్బం సంగతి తెలిసిననాడు నా మనసులో కట్టుకున్న మేడ కూలిపోయింది.

బానింక్ కాక్ సామాన్యుడేమీ కాదు. మందులమ్మే వర్తకుడి కొడుకు. న్యాయశాస్త్రం చదివి, ఊరి పెద్దకుటుంబంలో పెళ్ళిచేసుకొని, మామగారి ఆస్తి, హోదా సంపాదించి నగరపాలకుడిదాకా ఎదిగాడు. 1655లో చనిపోయాడు. అలా ఎదిగిన వ్యక్తిమీద మనకు అనుమానం కలగవచ్చు. అనుమానం అభియోగం కాదు, అభియోగం నేరనిరూపణ కాదు.

రెంబ్రాంట్ దివాలా తీసింది నిజమే, 1656లో. కాని అది బొమ్మ వేసిన పద్నాలుగేళ్ళకు. 1639లో 13,000 గిల్డర్లకు కొన్న ఇంటి బాకీ తీరలేదు. బొమ్మలూ శిల్పాలూ వింతవస్తువులూ కొనే అలవాటు పోలేదు. 1652 నుండి 1654 దాకా ఇంగ్లండుతో జరిగిన యుద్ధం ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారాన్ని కుంగదీసింది. ‘రాత్రి పహరా’ పూర్తయిన 1642లోనే, జూన్ నెలలో, అతని భార్య సాస్కియా మరణించింది. తొమ్మిది నెలల పసివాడు టైటస్ మిగిలాడు. ఒక మనిషి కుంగిపోవడానికి ఇవి చాలవా, కుట్ర కూడా కావాలా? దివాలా తరువాత కూడా నగరపెద్దలు అతణ్ణి వెలివేయలేదు. కొత్త నగరసభా భవనానికి పెద్దబొమ్మ ఒకటి అడిగారు, అది నిలవలేదన్నది వేరే విషయం. 1662లో బట్టలపరీక్షాధికారుల బృందచిత్రం గీయించుకున్నారు.

ఇవన్నీ మేనల్లుడికి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “అయితే మామయ్యా, బొమ్మలో రహస్యమేమీ లేదన్నమాట!” అని నిరాశపడ్డాడు. ఆ నిరాశ నాకూ కలిగింది. ఇంతకాలం ఆ సినిమాను ఎందుకు నమ్మానో అప్పుడు తెలిసింది. రహస్యం లేని గొప్పతనం మనకు చాలదు. గొప్పబొమ్మ అంటే అందులో ఏదో దాచి ఉండాలి, దాచింది మనం కనిపెట్టాలి. అప్పుడు గొప్పతనంలో కొంత మనకూ దక్కుతుంది.

మన సాహిత్యంలో దాచిన అర్థానికి తక్కువేమీ లేదు. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ఒకే పద్యం రామాయణమూ అవుతుంది, భారతమూ అవుతుంది. అయితే ఆ రెండవ అర్థం చదువరి కల్పించింది కాదు, కవి ముందే చెప్పి కట్టింది. ప్రతి పద్యంలోనూ అది నిలబడాలి. ఒక్కచోట తప్పినా కావ్యం కూలుతుంది. ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యానికి ఆత్మ అన్నప్పుడు కూడా, ఆ ధ్వని మాటలోనుండి, సందర్భంలోనుండి పుట్టాలనే అన్నాడు గాని, శ్రోతకు తోచిందల్లా ధ్వని అనలేదు. ఈ కొలబద్దతో చూస్తే, కోడిగోరు ధ్వని, నీడలో సింహం ధ్వని. హత్య మాత్రం గ్రీనవే సొంతకావ్యం.

సినిమాను కొట్టిపారేయమని నేననడం లేదు. గ్రీనవే చిత్రకళ చదువుకొని సినిమాకు వచ్చినవాడు. మనకు అక్షరాలు చదవడం వచ్చుగాని బొమ్మలు చదవడం రాదని ఆయన ఈ చిత్రంలో చేసే ఫిర్యాదు అక్షరాలా నిజం. నావంటివాడు ఆ పిల్ల నడుమున కోడి ఉందని, ఆ నీడలో సింహం ఉందని చూసింది ఆయన పుణ్యమే. వాదం తప్పైనా, చూడమని చూపిన వేలు తప్పు కాదు. ఆ బొమ్మ ముందు మామూలుగా ఒక నిమిషం నిలబడే మనిషిని గంటన్నర కూర్చోబెట్టగలిగాడు.

నాకు అభ్యంతరం ఒక్క పేరు దగ్గరే. ‘నేను ఆరోపిస్తున్నాను’ అన్న ఆ మాటను ప్రపంచానికిచ్చినవాడు ఎమిల్ జోలా. 1898 జనవరి 13న ఫ్రెంచి అధ్యక్షుడికి బహిరంగలేఖగా రాశాడు. నిరపరాధి అయిన డ్రైఫస్ కోసం, బతికి ఉన్న, అధికారంలో ఉన్న సైన్యాధికారులను పేరుపేరునా నిలదీశాడు. వారు తనమీద దావా వేయగలరని తెలిసే రాశాడు. వేశారు, శిక్ష పడింది, దేశం విడిచిపోవలసి వచ్చింది. గ్రీనవే ఆరోపించింది మూడున్నర శతాబ్దాల క్రితం చనిపోయినవారిని. సార్జెంటు రొంబౌట్ కెంప్ ఒక బట్టల వర్తకుడు. చర్చిలో పేదల బాగోగులు చూసే బాధ్యతలో ఉన్నవాడు. అతడు అనాథపిల్లలతో పాడువ్యాపారం చేయించాడని తెరమీద చెబితే, కాదనడానికి ఈనాడు ఎవరున్నారు? బొమ్మలో కుడివైపు చేయి చాచి నిలబడి ఉన్నాడు పాపం. తన ముఖం వందేళ్ళు నిలవాలని డబ్బిచ్చి గీయించుకున్నాడు. నిలిచిన ఆ ముఖమే ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది.

ఆ నింద మోసినవారిలో నేనూ ఒకణ్ణి. నా నోటినుండి మేనల్లుడికి, వాడి కలంనుండి కాగితానికి ఎక్కింది. ఎర్రసిరా అడ్డుపడకపోతే ఇంకెక్కడికి పోయేదో.

రెంబ్రాంట్ శిష్యుడు హూగ్‌స్ట్రాటెన్ 1678లో ఒక గ్రంథం రాశాడు. అందులో గురువుగారి ఈ బొమ్మను గురించి చెబుతూ, విడివిడి ముఖాలకన్నా మొత్తం కూర్పుకే ఆయన ప్రాధాన్యమిచ్చాడని, కొంచెం ఎక్కువ వెలుగు పెట్టి ఉంటే బాగుండేదని, అయినా దీని పక్కన తక్కిన దళచిత్రాలు పేకముక్కల్లా కనబడతాయని అన్నాడు. బొమ్మ ఎరిగినవాడు, మనిషిని ఎరిగినవాడు, ఆ కాలంవాడు. ఆయనకు కనబడిన వింత హత్య కాదు, కదలిక. అంతకుముందు వరుసగా కూర్చోబెట్టి గీసే పెద్దమనుషులను రెంబ్రాంట్ లేపి నడిపించాడు. అంతే రహస్యం. అది అందరి కళ్ళముందే ఉంది.

మేనల్లుడు వ్యాసం మళ్ళీ రాశాడు. హత్య వాక్యం కొట్టేసి, దాని చోట ఆల్బం సంగతి రాశాడు. ‘ఆధారం?’ అన్న ఆ ఎర్రసిరా కాగితం మాత్రం నాకిచ్చేశాడు. నా పుస్తకాల అలమరలో ఉంది. రాయడానికి కూర్చున్నప్పుడల్లా కనబడుతుంది.